ఐదంగుళాలు దిగిన బండి

గుడుపల్లె నుంచి మేకలబండకు ఏడు కిలోమీటర్లు. మొదటి రెండు కిలోమీటర్లకే తారు రోడ్డు. మిగతాదంతా బండరాళ్ల మధ్య చక్రాలు తిరిగీ తిరిగీ పడ్డ గాడి. ఆ గాడికి సగంలో ఒక వంక అడ్డం వస్తుంది. 1996లో నన్ను ఆ ఊరి బడికి టీచరుగా వేసినప్పుడు గుడుపల్లెలో టీ అంగడాయనను బస్సు గురించి అడిగితే, నా చెప్పుల వైపు చూసి నవ్వాడు.

"బస్సు యాడొస్తాది సారూ ఆ ఊరికి! రొంచేపు కూచోండి. ఈరప్ప బండి వస్తాది."

అట్లా ఈరప్ప నాకు పరిచయమయ్యాడు. అప్పటికి నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. ఏదో ప్రభుత్వ ఆఫీసు వేలంలో అమ్మేసిన పాత పికప్‌ను కొనుక్కొచ్చి నడుపుతున్నాడు. ఊళ్లో అందరూ దాన్ని 'నాలుగు చక్రాల బండి' అనేవాళ్లు. ఏ పికప్‌కైనా నాలుగు చక్రాలే కదా అని నేను నవ్వితే ఈరప్ప నవ్వలేదు.

"మిగతా బండ్లకు రెండు చక్రాలు లాగితే రెండు ఎనకాల ఊరికే వస్తాయి సారూ. దీనికి నాలుగూ లాగతాయి" అన్నాడు.

ఎత్తైన బండి. పొట్ట కింద చిన్న మేకపిల్ల తల వంచకుండా దూరిపోయేది. వంకలో మోకాటి లోతు నీళ్లున్నా, దారిలో రాళ్లు తేలి ఉన్నా, తూలుకుంటూ ఊగుకుంటూ దాటేసేది. కుప్పం ఆస్పత్రికి పోయే రోగులు, పుంగనూరు సంతకు పోయే పొట్టేళ్లు, మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటా బుట్టలు, శనివారం ఇంటికి పోయి సోమవారం పొద్దున తిరిగొచ్చే నేను, అందరం అందులోనే.

ముందు సీట్లో ఎప్పుడూ ఈరప్ప భార్య చౌడమ్మ ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆయనకు లేని మాటలన్నీ ఆమె మాట్లాడేది. పొట్టేలును కాళ్లు పట్టి బండిలోకి ఎత్తడంలో మగవాళ్లు కూడా ఆమె ముందు చాలేవాళ్లు కాదు. పక్కింటి ఈశ్వరమ్మ, ఆమె ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. ఈశ్వరమ్మ భర్త లేని మనిషి. ఆమెకు ఒక్కతే కూతురు, యమున. నేను వెళ్లిన ఏడాది యమున ఐదో తరగతి. లెక్కలు చేసేటప్పుడు నాలుక కొసను పళ్ల మధ్య పెట్టుకుని చేసేది.

2001లో పుంగనూరు సంతలో చౌడమ్మ బండి మీద నుంచి పడింది. పొట్టేలు తాడు కాలికి చుట్టుకుని వెనక్కి పడితే తుంటి ఎముక విరిగింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ ఆ కాలు రెండంగుళాలు పొట్టిదైంది. కర్ర పట్టుకుని నడిచేది. కాలు బాగా పైకెత్తడం మాత్రం చేతనయ్యేది కాదు.

నెలనెలా మదనపల్లెకు చూపించుకోవడానికి పోవాలి. బండి ఎక్కాలంటే ఇద్దరు ముగ్గురు మగవాళ్లు ఎత్తి కూర్చోబెట్టాలి. ఈరప్పకు నడుం నొప్పి, ఒక్కడికి సాధ్యం కాదు. ఎత్తించుకున్న ప్రతిసారీ చౌడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకునేది. గుడుపల్లె దాటేవరకూ ఒక్క మాట మాట్లాడేది కాదు.

"పరాయి మగోళ్ల చేతులు నా నడుం మీద పడతాంటే నాకు సావొస్తాండాది. ఇంగ నేను యాడికీ రాను" అని ఒకరోజు తేల్చి చెప్పింది.

ఈరప్ప స్టూలు వేసి చూశాడు. గతుకుల నేల మీద అది కదిలి ఆమె మళ్లీ పడింది. కింద ఇనుప మెట్టు వెల్డింగు చేయించాడు. మొదటిరోజే రాళ్లకు తగిలి వంగిపోయి, రెండోరోజు ఊడిపోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన ఇంటి ముందు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆమెను గోడ పట్టుకోమని, కాలు పెట్టించి చూస్తూ కనిపించాడు. నాలుగు ఇటుకల వరకు ఎక్కగలిగింది. ఐదోది పెట్టగానే కాలు గాల్లో వణికి కిందికి దిగింది. ఆయన టేపుతో ఇటుకలు కొలిచాడు. వెళ్లి బండి ఫుట్‌బోర్డు కొలిచాడు. తేడా ఐదంగుళాలు.

2003 ఎండాకాలంలో ఆయన పుంగనూరులో కమాన్ కట్టలు చేసే కొండప్ప దగ్గరికి బండి తీసుకుపోయాడు. బండి బరువును మోసే ఆ వంపు తిరిగిన ఇనుప పట్టీల కట్టలే కొండప్ప బతుకు. మదనపల్లెలో ఉన్న మా అక్క ఇంటికి పోతూ నేనూ ఆరోజు బండిలో ఉన్నాను. అందుకే ఆ మాటలన్నీ నా చెవులతో విన్నాను.

కొండప్ప బండి కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇరవై ఏండ్లుగా టమోటా బండ్లకు పట్టీలు ఎక్కిస్తానే ఉండా. దించమని అడిగినోడు నువ్వొకడే ఈరప్పా. యాల?"

ఈరప్ప చెప్పాడు. కొండప్ప ఇంకోసారి బండి కిందికి వంగి చూశాడు.

"దించచ్చు. పట్టీలు తగ్గించి, ఉండేవాటి వంపు రొంత సాగదీస్తే ఐదంగుళాలు దిగతాది. కానీ ఇను. చక్రాలు నాలుగూ లాగతాయి నిజమే. పొట్ట కింద రాయొచ్చి తగుల్తే చక్రాలు యాడ లాగతాయి? గాల్లో తిరగతాయి. మీ దావలో నేనొకసారి వచ్చినా. ఆ వంకలో ఇది నిలబడిపోతాది. రాసిస్తా కావాలంటే."

"వంకలో నీళ్లు సూసి రెండేండ్లాయ" అన్నాడు ఈరప్ప.

"రేపు రావా?"

"వచ్చినప్పుడు మళ్లా నీ కాడికే వస్తా. ఎత్తిచ్చు."

రెండురోజుల పని. పట్టీలు కొలిమిలో ఎర్రగా కాలాయి. కొండప్ప సుత్తెతో వాటి వంపు తగ్గించి, పాత ఇంజనాయిల్లో ముంచితే షెడ్డంతా నల్లటి పొగ కమ్ముకుంది. మదనపల్లె నుంచి తిరిగొచ్చి నేను చూసేసరికి, బండి అలసిపోయి కూలబడ్డ పశువులా కనబడింది. ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఈరప్ప నాతో ఒకే మాట అన్నాడు.

"సారూ, కొండప్ప సెప్పింది ఆమె సెవిన పడనీయద్దండి. తెలిస్తే ఎక్కదు."

సరేనన్నాను. భార్య కోసం ఒక మనిషి పడే తాపత్రయం ముందు అది పెద్ద విషయంగా తోచలేదు.

మర్నాడు చౌడమ్మ కర్రను ఈశ్వరమ్మ చేతికిచ్చి, తలుపు కమ్మీ పట్టుకుని, కాలెత్తి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. తనంతట తానే ఎక్కి కూర్చుంది. ఈశ్వరమ్మ చప్పట్లు కొట్టింది. "ఇంగ సూడు మా వదిన జోరు!" అంది. చౌడమ్మ ఏడుస్తూ నవ్వుతూ, "దిగి మళ్లా ఎక్కుతానుండండి" అని మూడుసార్లు దిగి ఎక్కింది.

ఆ రెండేళ్లు కరువు. వంక ఎండి ఇసుక తేలింది. బోర్లు ఎండాయి, గొర్రెలను సగం ధరకు అమ్ముకున్నారు. బండి మాత్రం నడిచింది. ఈరప్ప ఖాళీ దొరికినప్పుడల్లా గడ్డపార తీసుకుని పోయి దారిలో లేచిన రాళ్లు పెరికి పక్కకు దొర్లించేవాడు. పట్టీలు తగ్గినందుకు పదిహేను పొట్టేళ్లు ఎక్కేచోట తొమ్మిదే ఎక్కేవి. అడిగితే, ఇంజను ముసలిదైంది అనేవాడు.

2005 అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. ఊరంతా పండగలా ఉంది. పిల్లలు బడి ఎగ్గొట్టి వంకలో ఈదడానికి పోయారు. నేనూ అరవలేదు. ఈరప్ప రాళ్లు తీసి చదును చేసుకున్న దారి మాత్రం నాలుగు రోజుల్లో కొట్టుకుపోయింది. మట్టి పోయి రాళ్లు తేలాయి. ఆయన బండి బయటికి తీయడం మానేశాడు.

"యాల తీయలా బండి?" అని చౌడమ్మ అడిగింది, నా ముందరే.

"వంక రొంత తగ్గనీలే" అన్నాడు ఆయన. తర్వాత నాతో, దీపావళి కాగానే పుంగనూరు పోయి బండి ఎత్తిస్తానని మెల్లిగా చెప్పాడు. దీపావళికి ఇంకా వారం ఉంది.

యమున అప్పటికి తొలికాన్పుకు పుట్టింటికొచ్చి ఉంది. భర్త బెంగళూరులో పని చేస్తున్నాడు. నెలలు నిండడానికి ఇంకా ఇరవై రోజులుందనుకుంటున్నారు. ఒక బుధవారం పదిన్నరకు ఈశ్వరమ్మ బడి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్లేసరికి కాన్పులు చేసే బయ్యమ్మ చేతులు కడుక్కుంటూ బయట నిలబడి ఉంది.

"రగతం పోతాండాది సారూ. ఇది నా సేతిలో ల్యా. బిన్నా కుప్పం తీసకపోండి" అంది.

ఊళ్లో ఉన్న ఒక్క ఫోను ఆ వానకు మూగబోయింది. నలుగురూ యమునను ఎత్తుకొచ్చి బండిలో పరుపు మీద పడుకోబెట్టారు. ఈరప్ప తాళంచెవి పట్టుకుని బండి పక్కన నిలబడి నా వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో ఊరందరిలో నా ఒక్కడికే తెలుసు. నేనేమైనా అంటాననుకున్నాడేమో. వేరే దారి ఏముంది? నేనేమీ అనలేదు.

"నాలుగు చక్రాలు లాగతాయి సారూ. పోదాం" అని ఎక్కేశాడు. ఈశ్వరమ్మతోపాటు మేమూ వెనక ఎక్కాం.

గడపలో కర్ర పట్టుకుని నిలబడిన చౌడమ్మ "బిన్నా పోండప్పా, బిన్నా పోండి" అని అరుస్తోంది.

వంకలో నీళ్లు మోకాటి కంటే కొంచెం కిందనే ఉన్నాయి. అంతకంటే ఎక్కువ నీళ్లలో ఆ బండి దాటగా నేను ఎన్నిసార్లు చూశానో. ఈరప్ప గేరు మార్చి మెల్లగా దించాడు. నడిమధ్యకు పోయేసరికి కింద గరగరమని ఒక చప్పుడు. బండి కొంచెం పైకి లేచి, ఆగింది. నీళ్ల కింద కొత్తగా దొర్లుకొచ్చిన రాయి ఒకటి పొట్టలో కూర్చుంది. ఈరప్ప ఇంజను అరిపించాడు. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి. నీళ్లు, ఇసుక ఎగజిమ్ముతున్నాయి. బండి ఒక్క జానెడు కదల్లేదు.

అందరం దిగి తోశాం. వెనక్కి లాగాం. ఈరప్ప నీళ్లలో బోర్లా పడుకుని చేతులతో ఇసుక తవ్వాడు. ముప్పావు గంట పోయింది. బండిలో నుంచి యమున అరుపులు తగ్గుతూ వచ్చాయి. అవి తగ్గుతుండటం అందరికంటే ముందు ఈశ్వరమ్మ గమనించింది.

"బండిని యిడిసిపెట్టండప్పా! నా బిడ్డను ఎత్తండి!"

పక్క చేలో కాపలా గుడిసె నుంచి నులకమంచం తెచ్చాం. తారు రోడ్డు దాకా రెండు కిలోమీటర్లకు పైనే. వాన, బురద. మంచం నాలుగు కోళ్లలో ఒకటి ఈరప్ప పట్టుకున్నాడు, ఒకటి నేను. ఎవరు మార్చుకుంటామన్నా ఆయన వదల్లేదు. యమున మొహం నా చేతికి దగ్గరగా ఉంది. "సలేస్తాండాది సారూ" అంది ఒకసారి. నా దగ్గర కప్పడానికి ఏమీ లేదు, చొక్కా కూడా తడిసిపోయింది. తారు రోడ్డు కనబడుతుండగా ఆమె చెయ్యి మంచం పక్కకు జారింది. గుడుపల్లెలో నర్సమ్మ నాడి పట్టుకుని చూసి, ఈశ్వరమ్మ వైపు చూడలేక నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. తల్లితోపాటు బిడ్డ కూడా లేదు.

తిరిగి అదే మంచం మీద తెచ్చాం. వంకలో బండి అట్లాగే ఉంది. మేం దాని పక్కనుంచే నీళ్లలో దిగి దాటాల్సి వచ్చింది.

పదకొండో రోజు కర్మలు అయ్యాక ఈశ్వరమ్మ నా దగ్గరికొచ్చి బడి మెట్ల మీద కూర్చుంది.

"సారూ, నువ్వు సదువుకున్నోడివి. నిజం సెప్పు. బండి మునుపటి ఎత్తులో ఉండింటే దాటింటాదా?"

తెలియదమ్మా అని ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఎందుకు అట్లా అనలేదో నాకు తెలియదు. ఆమె కళ్లలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయానని అప్పుడు అనుకున్నాను. ఒంటరిగా మోయలేక దించుకున్నానని ఇప్పుడు అనుకుంటాను.

"దాటి ఉండేదమ్మా" అన్నాను. అక్కడితో ఆగకుండా, "పుంగనూరులో కొండప్ప అప్పుడే హెచ్చరించాడు కూడా" అన్నాను.

ఆమె లేచి నేరుగా చౌడమ్మ ఇంటి ముందుకు పోయింది. నేను వెనకాలే పరుగెత్తాను. చౌడమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఈరప్ప లోపలున్నాడు.

"నీ కాలు కోసరం నా బిడ్డ పాయ, చౌడమ్మా" అంది ఈశ్వరమ్మ. అరవలేదు. నేను ఆ ఊరికొచ్చిన తొమ్మిదేళ్లలో ఆమె నోట వదినా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ముందే సెప్పినాడంట గదా ఆ కొండప్ప, వంకలో నిలబడిపోతాదని. తెలిసి తెలిసీ మీరు మా నెత్తిన దించినారు."

ఆమె వెళ్లిపోయింది. చౌడమ్మ చేట పక్కన పెట్టింది. లోపలి నుంచి వచ్చిన ఈరప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆమె సెప్పేది నిజమా?" అంది చౌడమ్మ.

ఆయన కింద పెట్టిన చేట వైపే చూశాడు.

"నిన్నే అడుగుతాండా. కొండప్ప సెప్పినాడా?"

"సెప్పినాడు."

"నాకు యాల సెప్పలా?"

"సెప్తే నువ్వు ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్ని గాదు!" చౌడమ్మ గొంతు పగిలింది. "పాకతా పోయేదాన్ని. ఇంట్లోనే పడుండేదాన్ని. పరాయోళ్లు ఎత్తితే ఏమాయ, నా సిగ్గుకు నేను సచ్చేదాన్ని. నన్నొక్క మాట అడిగినావా నువ్వు? ఆ పిల్లను నా సేతులతో నీళ్లు పోసి పెంచినా. నా సేతులతోనే సంపిచ్చినావు గదయ్యా!"

ఈరప్ప గోడకు ఆనుకునే మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. నేను అక్కడే వాకిట్లో నిలబడి ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

ట్రాక్టరు పెట్టి బండిని వంకలో నుంచి లాగారు. ఈరప్ప దాన్ని పుంగనూరు తీసుకుపోయి కొండప్ప దగ్గర మళ్లీ ఎత్తించుకొచ్చాడు. మునుపటి కంటే ఒక అంగుళం ఎక్కువే. చౌడమ్మ ఆ బండి దగ్గరికి మళ్లీ పోలేదు. మదనపల్లె డాక్టరు దగ్గరికీ పోలేదు. కాలు ఇంకా బిగుసుకుపోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో వండుకుని తిన్నారు గానీ వాళ్ల మాటలు బయటికి వినబడటం ఆగిపోయింది.

ఊరు బండి ఎక్కడం మానేసింది. ఎవరూ పంచాయితీ పెట్టలేదు, ఎక్కవద్దని ఎవరూ చెప్పలేదు. ఈశ్వరమ్మ చూస్తుండగా ఆ బండి ఎక్కడానికి ఎవరికీ కాలు రాలేదు, అంతే. నేను కూడా సోమవారాలు ఏడు కిలోమీటర్లు నడిచాను. ఈరప్ప వెనక నుంచి వచ్చి నా పక్కన బండి ఆపేవాడు. "నడిస్తే ఒంటికి మంచిది ఈరప్పా" అనేవాణ్ణి. ఆయన తలూపి పోయేవాడు. ఖాళీ బండి గుడుపల్లె దాకా పోయి, ఖాళీగా తిరిగొచ్చేది.

మరుసటి ఏడు వానల్లో ఒక ముసలాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆయన్ను మంచం మీద వేసుకుని నలుగురు బయల్దేరారు. ఈరప్ప బండి స్టార్టు చేసి వాళ్ల వెనకాలే మెల్లగా నడిపాడు. తల బయటికి పెట్టి, "ఎక్కియ్యండప్పా, ఇప్పుడు ఎత్తుగా ఉండాది. నా మాట ఇనండి, ఇప్పుడు దాటతాది" అంటూ వంక దాకా పోయాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. వాళ్లు నీళ్లలో దిగి దాటారు. ఆయన బండిని వాళ్ల వెనకాలే వంకలో దించి, ఎక్కడా తగలకుండా అవతలి గట్టుకు ఎక్కించి, అక్కడ ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ముసలాయన బతికాడు. కానీ ఆరోజు తర్వాత ఈరప్ప బండి తీయలేదు.

2007లో దాన్ని అమ్మేసి భార్యాభర్తలు ఊరు వదిలారు. ఆ మరుసటి ఏడు నాకు కలకడకు బదిలీ అయింది.

2009లో మదనపల్లె టమోటా మార్కెట్టు దగ్గర ఆయన కనిపించాడు. ఒక మండీలో కాపలా పని. ముందు ఆయనే నన్ను గుర్తుపట్టాడు. రమ్మంటే వెంట పోయాను. ఒక సందులో రేకుల గది. చౌడమ్మ మంచంలో ఉంది. ఇప్పుడు నడవడం కూడా లేదట. నన్ను చూసి పైట సర్దుకుంది.

"ఈశ్వరమ్మ ఎట్లుండాది సారూ?" అని అడిగింది.

"ఉంది" అన్నాను. "అక్కడే ఉంది. ఒక్కతే."

ఈరప్ప నాకు గ్లాసులో నీళ్లిచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నీతో ఆనాడు కలిసి దాచినవాణ్ణి నేను, ఆ తర్వాత బయటపెట్టినవాణ్ణీ నేనే అని ఆయనతో చెప్పుకోవాలని కలకడలో ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ రెండూ ఆయనకు తెలిసినవే. కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏముంది?

ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "వంక మీద కల్వర్టు కట్టారు ఈరప్పా. రోడ్డు కూడా వేశారు. ఊళ్లోకి ఇప్పుడు ఆటోలు కూడా పోతున్నాయంట" అన్నాను.

అనగానే తప్పు చేశానని తెలిసింది. చౌడమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఈరప్ప గోడకు తగిలించిన ఖాకీ చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటీ నిదానంగా పెట్టుకున్నాడు.

"డ్యూటీకి టైమాయ సారూ" అన్నాడు.

నేను లేచాను.